పోలీసు యూనిట్ ఆసుపత్రి: ఏటా పరీక్షలు సరే, ఆ తర్వాత డాక్టరు చేయాల్సింది ఏమిటి?

తంగేడు:
అందరికీ నమస్కారం. జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ హెడ్‌క్వార్టర్స్‌లో ఉన్న యూనిట్ ఆసుపత్రి గురించి అడుగుతున్నాను. పరిధిలో సుమారు 900 మంది ఉన్నారు: సివిల్, ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్), ట్రాఫిక్, డ్రైవర్లు, హోంగార్డులు. ఏడాదికోసారి రక్తపరీక్షలు, ఈసీజీ, బీపీ జరుగుతున్నాయి. రిపోర్టులు ఫైళ్లలో చేరుతున్నాయి. పైనుంచి వచ్చే మాట ఒక్కటే: ఫిట్, అన్‌ఫిట్ జాబితా పంపండి.
నా సందేహాలు మూడు. ఏ డ్యూటీ వాళ్లకి ఏ పరీక్ష అవసరం? సర్టిఫికెట్‌లో జబ్బు పేరు రాయాలా? స్పైరోమీటర్ (ఊపిరితిత్తుల సత్తా కొలిచే యంత్రం) ఉంది కానీ వాడటం తెలిసినవాళ్లు లేరు, ఆడియోమీటర్ (వినికిడి కొలిచే యంత్రం) అసలే లేదు. ఉన్న కొద్ది డబ్బుతో ఎక్కడ మొదలుపెట్టాలి?

కొండవాగు:
డాక్టర్ గారూ, యంత్రాలు కొనేముందు నాలుగు చోట్లకి వెళ్లి నిలబడి చూడండి. మధ్యాహ్నం షిఫ్టులో ఒక జంక్షన్, ఫైరింగ్ ప్రాక్టీసు రోజున రేంజ్, రాత్రి 2 గంటలకి ఒక స్టేషన్, ఏదైనా ఒక గార్డు పోస్టు. అక్కడ మనిషి ఎంతసేపు నిలబడుతున్నాడు, ఏం పీలుస్తున్నాడు, ఎన్నింటికి తింటున్నాడు, మూత్రానికి ఎక్కడికి వెళ్తున్నాడు అన్నది రాసుకోండి. ఆ కాగితం లేకపోతే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కీ కంప్యూటర్ ముందు కూర్చునే రైటర్‌కీ ఒకే ప్యాకేజీ పరీక్షలు చేస్తాం. ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది అదే.
ఫ్యాక్టరీ డాక్టరుకి చట్టం అండగా ఉంటుంది: 2025 వరకూ 1948 ఫ్యాక్టరీల చట్టం, ఆ తర్వాత దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్. ఏ పరీక్ష ఎన్నాళ్లకి చేయాలి, ఏ జబ్బు కనిపిస్తే ఎవరికి తెలియజేయాలి అన్నది అందులో రాసి ఉంది. జంక్షన్‌కీ బందోబస్తుకీ ఆ చట్టం రాదు. ఏఎఫ్ఐహెచ్ (ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్యం మీద డాక్టర్లు చేసే) కోర్సు చేసిన డాక్టరు కూడా ఇక్కడికొస్తే ఆ పద్ధతుల్ని పోలీసు పనికి తగ్గట్టు మార్చుకోవాల్సిందే. కాబట్టి మీ పద్ధతి ఏమిటో రెండు పేజీల్లో రాసి, ఎస్పీ గారి సంతకంతో యూనిట్ ఆర్డరుగా పెట్టించండి. నోటిమాటగా ఉన్నది తర్వాతి బదిలీతో పోతుంది.
సర్టిఫికెట్‌లో జబ్బు పేరు వద్దు. చేయగలిగే పని, చేయకూడని పని, గడువు: ఈ మూడే ఉండాలి. ‘రాత్రి డ్యూటీ వద్దు, నాలుగు చక్రాల వాహనం నడపకూడదు, 6 వారాలు, తిరిగి చూడాల్సిన తేదీ ఫలానా’ అంటే డ్యూటీ వేసేవారికి అది చాలు. ‘లైట్ డ్యూటీ’ అని మాత్రం రాయకండి. సెంట్రీ డ్యూటీని కొందరు లైట్ అనుకుంటారు. వెన్నునొప్పి ఉన్నవాడికి రైఫిల్ పట్టుకుని నాలుగు గంటలు నిలబడటంకన్నా బరువైన డ్యూటీ లేదు.

రిజర్వ్_లైన్:
డ్యూటీలు వేసే వైపు నుంచి ఒక మాట సార్. 900 మందిలో 60 మందికి మినహాయింపు కాగితాలొస్తే మిగతావాళ్ల మీద రాత్రి డ్యూటీలు పెరుగుతాయి, ఆరు నెలలు తిరక్కుండానే వాళ్లూ ఆసుపత్రికి వస్తారు. పైగా గడువు లేని కాగితాలే ఎక్కువ. మూడేళ్ల నాటి ‘స్ట్రెయిన్ పడకూడదు’ అన్న చీటీ ఇప్పటికీ నడుస్తుంటుంది.

కొండవాగు:
మీరన్నది నిజం. గడువు లేని మినహాయింపు వైద్యం కాదు, అది రోగికీ నష్టమే. 12 వారాలు మించి ఏ ఆంక్షా రాయకూడదని నియమం పెట్టుకుంటే మంచిది. శాశ్వతంగా అవసరమైతే మెడికల్ బోర్డుకి పంపాలి. అయితే 60 మందికి చీటీలు అవసరమయ్యాయంటే పని పద్ధతిలోనే లోపం ఉండొచ్చు. ఒకే జంక్షన్ నుంచి నలుగురు మోకాలి నొప్పితో వస్తే నాలుగు చీటీలు రాయడంకన్నా అక్కడ నీడ, ఎత్తు స్టూలు, గంటకి పది నిమిషాల మార్పిడి పెట్టించడం తేలిక.

శ్రవణం:
చెవుల సంగతి నేను చెప్తాను. ఆడియోమీటర్ లేదన్నారు, కొనాల్సిన మొదటి యంత్రం అదేనని నా అభిప్రాయం. పోయిన వినికిడి తిరిగి రాదు. ఎక్కువ పోకముందే పట్టుకోగల పరీక్ష ఇది.
రెండు రకాల ప్రమాదాన్ని వేరుగా చూడాలి. జంక్షన్‌లో శబ్దం గంటల తరబడి ఉంటుంది. 85 డెసిబెల్స్‌కి 8 గంటలు హద్దు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. మన ఫ్యాక్టరీల నియమాల్లో 8 గంటలకి 90 అని ఉంటుంది, చెవిని కాపాడాలంటే మాత్రం 85నే పట్టుకోండి. శబ్దాన్ని ఒక నిమిషం ఫోన్ యాప్‌తో కొలిస్తే లాభం లేదు, భుజానికి తగిలించే డోసిమీటర్‌తో షిఫ్టంతా కొలవాలి.
ఫైరింగ్ లెక్క వేరు. రైఫిల్, పిస్టల్ పేలుడు చెవి దగ్గర 150 డెసిబెల్స్ దాటుతుంది. 140 దాటిన పేలుడు ఒక్కసారికే హాని చేయగలదు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు రైఫిల్ కాల్చేటప్పుడు ఎడమ చెవి గొట్టం వైపు ఉంటుంది, కుడి చెవికి తల అడ్డుగా ఉంటుంది. అందుకే ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష గీసే పటంలో) ఎడమ చెవి ఎక్కువ పడిపోయి కనిపిస్తుంది. అయితే ఒక చెవే తగ్గినవాళ్లందరినీ ఫైరింగ్ ఖాతాలో వేయకండి, తేడా ఎక్కువుంటే ఈఎన్‌టీకి పంపాల్సిందే.
పరీక్ష 500, 1000, 2000, 3000, 4000, 6000, 8000 హెర్ట్జ్ దగ్గర చేయాలి. 4000 దగ్గర గుంట పడి 8000 దగ్గర మళ్లీ లేస్తే అది శబ్దం చేసిన గాయం అనుకోవచ్చు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, డ్యూటీ దిగి నేరుగా పరీక్షకి తీసుకొస్తారు. అప్పుడు తాత్కాలికంగా మొద్దుబారిన చెవిని కొలుస్తాం. కనీసం 14 గంటలు శబ్దానికి దూరంగా ఉన్నాకే మొదటి ఆడియోగ్రామ్ తీయాలి, కాబట్టి వీక్లీ ఆఫ్ మర్నాడు ఉదయం పిలవండి. ఆ తర్వాతి ఏడాదుల్లో 2000, 3000, 4000 హెర్ట్జ్‌ల సగటు ఏ చెవిలోనైనా 10 డెసిబెల్స్ తగ్గితే చర్య తీసుకోవాలి. ‘నార్మల్ పరిధిలోనే ఉంది’ అని వదిలేయడం చాలా మామూలు పొరపాటు. ఆ మనిషి మొదటి ఆడియోగ్రామ్‌లో ఎక్కడున్నాడో దానితోనే పోల్చాలి.

తంగేడు:
ఫోమ్ ప్లగ్గులు ఇచ్చినా పెట్టుకోవడం లేదంటున్నారు. రేంజ్‌లో ఆదేశాలు వినపడవని అభ్యంతరం.

శ్రవణం:
పెట్టుకున్నవాళ్లు కూడా ప్లగ్‌ని సగమే లోపలికి దూరుస్తారు. వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో తలవెనక నుంచి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి తోసి, 20 నుంచి 30 సెకన్లు వేలితో అదిమి పట్టుకోవాలి. ఎదురుగా నిలబడి చూస్తే ప్లగ్ బయటికి కనిపించకూడదు. ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే అంకె ప్యాకెట్ మీద 29 అని ఉంటే నిజంగా దక్కేది 11 అనుకోండి: 29లోంచి 7 తీసేసి సగం చేయడమే లెక్క. అందుకే రేంజ్‌లో ప్లగ్, దానిపైన చెవిని మొత్తం కప్పే మఫ్ రెండూ కావాలి. రెండూ పెడితే తగ్గింపులు కలిపేయకూడదు, పెద్దదానికి ఇంకో 5 మాత్రమే కలపాలి.
ఆదేశాల ఇబ్బందికి పరిష్కారం ఎలక్ట్రానిక్ మఫ్. మామూలు మాటల్ని వినిపిస్తుంది, పేలుడుని ఆపుతుంది. అందరికీ కొనలేకపోతే రేంజ్ సిబ్బందికీ ఇన్‌స్ట్రక్టర్లకీ ముందు కొనండి. ట్రైనీ ఏడాదిలో కొన్ని రోజులు కాలుస్తాడు, ఇన్‌స్ట్రక్టర్ ఏడాదంతా అక్కడే ఉంటాడు.
జంక్షన్‌లో ప్లగ్ నేను సిఫారసు చేయను. వెనకనుంచి వచ్చే లారీ వినపడాలి. అక్కడ గంటలు తగ్గించడమే దారి.

కొండవాగు:
రేంజ్ మాట వచ్చింది కాబట్టి సీసం గురించి క్లుప్తంగా. తూటా ప్రైమర్‌లో సీసం సమ్మేళనం ఉంటుంది, తూటాలోనూ సీసం ఉంటుంది. ఖాళీ కేసులు ఏరేవాళ్లకి, బట్ (తూటాలు దిగే దిబ్బ) శుభ్రం చేసేవాళ్లకి, ఇండోర్ రేంజ్‌లో పనిచేసేవాళ్లకి ఏడాదికోసారి రక్తంలో సీసం చూడండి. రక్తం తీసేముందు మోచేయి మడతని సబ్బుతో బాగా కడగాలి, చర్మం మీది ధూళి కలిస్తే లెక్క తప్పుగా ఎక్కువొస్తుంది. డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు దాటితే పని పద్ధతిలో తప్పు వెతకాలి. పొడి చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డే వాడాలి. రేంజ్‌లో టీ, టిఫిన్ వద్దు. చేతులు కడగకుండా బీడీ, సిగరెట్ ముట్టకూడదు. గర్భిణులు రేంజ్‌కి వెళ్లకూడదు, సీసం వల్లా, శబ్దం వల్లా.

నల్లరేగడి:
ట్రాఫిక్ వాళ్ల ఊపిరితిత్తుల గురించి. స్పైరోమీటర్ మూలన పడి ఉండటానికి కారణం యంత్రం కాదు, ఊదించే మనిషి లేకపోవడం. ఒక నర్సుకి రెండు రోజులు నేర్పితే చాలు. మనిషిని కూర్చోబెట్టి, ముక్కుకి క్లిప్పు పెట్టి, నిండా పీల్చి ఒక్కసారిగా బలంగా ఊదమని, కనీసం 6 సెకన్లు ఆపకుండా ఊదించాలి. మూడుసార్లు సరిగ్గా ఊదగలగాలి, వాటిలో అన్నిటికన్నా పెద్ద రెండు రీడింగుల మధ్య తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదు. ఎనిమిదిసార్లకీ రాకపోతే ఇంకోరోజు చేయండి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లకి, కంటి ఆపరేషన్ అయినవాళ్లకి చేయకూడదు.
మొదటి సెకన్‌లో ఊదిన గాలి మొత్తంలో 70 శాతంకన్నా తక్కువుంటే 400 మైక్రోగ్రాముల సాల్బుటమాల్ ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చేయాలి. కానీ అసలు విలువ ఏటా పోల్చడంలో ఉంది. పెద్దవయసువాళ్లలో ఏడాదికి సుమారు 30 మిల్లీలీటర్లు తగ్గడం సహజం. మొదటి రీడింగ్‌తో పోలిస్తే 15 శాతం దాటి తగ్గితే, అంకెలు ఇంకా ‘నార్మల్’లో ఉన్నా సరే, ఛాతీ డాక్టరుకి చూపించి జంక్షన్ మార్చాలి.
మాస్కుల విషయంలో, గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు పొగని ఆపవు. ఎన్95 సరిగా అంటుకుంటే సన్నటి ధూళిని 95 శాతం ఆపుతుంది. గడ్డం ఉన్నా, ముక్కు దగ్గరి పట్టీ నొక్కకపోయినా పక్కలనుంచి గాలి దూరుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ని ఏ ధూళి మాస్కూ ఆపదు, ఆ మాట సిబ్బందికి స్పష్టంగా చెప్పాలి. ఉతికి వాడకూడదు. మే నెల మధ్యాహ్నం దాన్ని నాలుగు గంటలు పెట్టుకోమనడం కూడా న్యాయం కాదు. ఎక్కువ పొగ ఉండే గంటల్లో మనుషుల్ని తరచుగా మార్చడమే సరైన పని.
కాళ్ల గురించి కూడా. ఉబ్బిన నరాలున్నవాళ్లకి మోకాలి వరకూ ఉండే బిగుతు సాక్స్ ఇస్తే, చీలమండ, పిక్క కొలతలు ఉదయం వాపు ఎక్కకముందే తీసుకోండి. డయాబెటిస్ ఉన్నా, పాదంలో నాడి సరిగా అందకపోయినా ముందు చీలమండ, చేయి బీపీల నిష్పత్తి చూడాలి. 0.8కన్నా తక్కువుంటే ఆ సాక్స్ వల్ల మేలుకన్నా కీడే జరుగుతుంది.

వెన్నెల_నర్సు:
ఎండ గురించి ఎవరూ ఎత్తలేదు. బందోబస్తుల్లో ప్రాణం మీదికి తెచ్చేది అదే.
థర్మామీటర్ 42 చూపిస్తేనే ప్రమాదం అనుకుంటారు. కానీ చూడాల్సింది తడి, ఎండ వేడి, గాలి వేడి కలిపిన సూచిక: తడిబుడ్డి (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్) రీడింగ్‌కి 0.7, నల్లగోళం (నల్లటి గోళంలో పెట్టిన థర్మామీటర్) రీడింగ్‌కి 0.2, మామూలు రీడింగ్‌కి 0.1 వంతు. రామగుండం, రెంటచింతల లాంటి పొడి ఎండలో ఇవి 28, 48, 42 ఉన్నాయనుకోండి, మొత్తం 33.4 వస్తుంది. మచిలీపట్నం, విశాఖ ఉక్కపోతలో 30, 45, 36 ఉన్నా 33.6 వస్తుంది. అంటే 36 డిగ్రీల తీరంలో కూడా అంతే ముప్పు. ఎండకి అలవాటుపడినవాళ్లకైనా మోస్తరు శ్రమకి 28 దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలి.
అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. కొత్తవాళ్లని మొదటిరోజు ఎండలో అయిదోవంతు సమయమే ఉంచి, రోజుకి ఇంకో అయిదోవంతు పెంచాలి. సెలవు నుంచి వచ్చినవాళ్లకి సగంతో మొదలుపెట్టొచ్చు. 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే పావు లీటరు నీళ్లు తాగించాలి. గంటకి లీటరున్నర దాటించకూడదు. ఉప్పు బిళ్లలు వద్దు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పూర్తిగా ఒక లీటరులో కలపాలి. సీసాలో సగం ప్యాకెట్ అంచనాగా పోయడం మానాలి.
బందోబస్తుకి ముందు మందుల జాబితా చూడండి డాక్టర్ గారూ. మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు, బీటా బ్లాకర్లు, జలుబు మాత్రలు, కొన్ని మానసిక వైద్యం మందులు ఎండదెబ్బ ముప్పు పెంచుతాయి. మందు ఆపమని కాదు, ఆ మనిషికి నీడ పోస్టు ఇవ్వమని.
మాట తడబడుతున్నా, అయోమయంగా ఉన్నా, ఒళ్లు కాలుతున్నా అది వడదెబ్బే అనుకోండి. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. తొట్టిలో ఐసునీళ్లు ఉంటే మెడవరకూ ముంచండి. లేదంటే తడిపి ఫ్యాన్ పెట్టి, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. అరగంటలో లోపలి వేడి 39కి దిగాలి. చంకలో పెట్టిన థర్మామీటర్‌ని నమ్మొద్దు. పారాసిటమాల్ పనిచేయదు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

తంగేడు:
మహిళా కానిస్టేబుళ్లు నీళ్లు తాగడమే మానేస్తున్నారని విన్నాను.

వెన్నెల_నర్సు:
బందోబస్తు చోట టాయిలెట్ లేకపోతే ఎవరు తాగుతారండీ? ఉదయం 5 నుంచి సాయంత్రం వరకూ ఆపుకుంటారు. దాంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు, ఎండకి కళ్లు తిరగడం మొదలవుతాయి. యాంటీబయాటిక్ రాసి పంపితే మళ్లీ వచ్చే నెల వస్తారు. బందోబస్తు ప్లానులో మొబైల్ టాయిలెట్ ఎక్కడుంటుందో, రెండు గంటలకోసారి ఎవరొచ్చి పోస్టు చూసుకుంటారో డాక్టరే రాతపూర్వకంగా అడగాలి. ఇది వైద్య సలహాగా వెళ్తే దాని బరువు వేరు.

రిజర్వ్_లైన్:
అలా రాసిస్తే మాకూ మేలే మేడమ్. అంచనాల్లో వాహనం అడగడానికి కాగితం ఉంటుంది.

నల్లరేగడి:
రాత్రి డ్యూటీ, డ్రైవర్ల గురించి రెండు విషయాలు. షుగర్ ఉన్న డ్రైవర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర ఉంటే, భోజనం ఆలస్యమైన రాత్రి షుగర్ పడిపోతుంది. అలాంటివారికి వీలైతే మెట్‌ఫార్మిన్, గ్లిప్టిన్ల వైపు మార్చమని చికిత్స చేసే డాక్టరుకి ఉత్తరం రాయండి. నడపబోయేముందు షుగర్ 90కన్నా తక్కువుంటే బండి తీయకూడదు. పడిపోతే మూడు చెంచాల పంచదార నీళ్లలో, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఇన్సులిన్ వాడేవాళ్ల సంగతి ఒక్కొక్కరిదీ విడిగా చూడాల్సిందే.
రెండోది గురక. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటి, బీపీ ఉండి, నిద్రలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే స్టాప్‌బ్యాంగ్ (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ముప్పుని అంచనా వేసే పట్టిక) ఎనిమిది ప్రశ్నలు వేయండి. 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నిద్ర పరీక్షకి పంపాలి. ఆ పరీక్ష అయ్యేవరకూ ఎస్కార్ట్ బండి నడపనివ్వొద్దు.
రాత్రులు వరసగా మూడు మించకుండా, షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య 11 గంటలు ఉండేలా, ఉదయం నుంచి మధ్యాహ్నానికి, అక్కణ్నుంచి రాత్రికి ముందుకే మార్చేలా రోస్టర్ ఉంటే శరీరం తట్టుకుంటుంది.

వెన్నెల_నర్సు:
సోదాలప్పుడు సూదులు గుచ్చుకోవడం గురించి కూడా యూనిట్ ఆర్డర్‌లో చేర్చండి. జేబులో చెయ్యి పెట్టకూడదు, బయటనుంచి తడిమి, అతని చేతే తీయించాలి. గుచ్చుకుంటే సబ్బునీళ్లతో కడగాలి. పిండొద్దు, బ్లీచింగ్ పోయొద్దు. హెచ్‌ఐవీ నివారణ మందు రెండు గంటల్లో మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే ఇవ్వరు, మొత్తం 28 రోజులు వాడాలి. మందు ఏ ప్రభుత్వాసుపత్రిలో, రాత్రిపూట ఏ గదిలో దొరుకుతుందో ప్రతి స్టేషన్ గోడమీదా రాసి ఉండాలి. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలలకి భుజంలో వేయాలి, పిరుదులో కాదు. మూడో డోసు తర్వాత నెలా రెండు నెలల్లో రక్తంలో యాంటీబాడీ మిల్లీలీటరుకి 10 మిల్లీ యూనిట్లకి చేరిందో లేదో చూడాలి. చాలాచోట్ల రెండో డోసు తర్వాత ఆగిపోతుంది, ఎందుకంటే మనిషి బదిలీ అయిపోతాడు.

మొగలిపొద:
నేను సైకియాట్రీ వైపు. ఆయుధం ఉన్న ఉద్యోగంలో డిప్రెషన్‌ని దాచుకోవడానికి మొదటి కారణం భయం: ఆయుధం తీసేస్తారు, అందరికీ తెలిసిపోతుంది, ప్రమోషన్ ఆగుతుంది. కాబట్టి ఏటా జరిగే పరీక్షలో పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్‌ని అంచనా వేసే తొమ్మిది ప్రశ్నలు) కాగితం నింపించి హెడ్ కానిస్టేబుల్ చేత పోగుచేయిస్తే అందరూ సున్నాలే పెడతారు. అది డాక్టరు గదిలో, తలుపు మూసి, నోటితో అడగాలి. మొత్తం 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వివరంగా చూడాలి. చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా తప్ప ఏ జవాబొచ్చినా, మొత్తం ఎంత తక్కువైనా, ఆరోజే ఆత్మహత్య ఆలోచన గురించి నేరుగా మాట్లాడాలి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ.
ముప్పు ఉంటే ఆరోజు నుంచే ఆయుధం లేని డ్యూటీ. సొంత పిస్టల్ ఉంటే అదీ ఇంట్లో ఉండకూడదు. రెండు వారాల్లో తిరిగి చూసే తేదీ, ఆయుధం ఎప్పుడు తిరిగొస్తుందో దానికి దారి ఆ మనిషికి అక్కడే చెప్పాలి. తిరిగొచ్చే దారి కనిపిస్తేనే తర్వాతివాడు నోరు విప్పుతాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణహాని ఉన్నప్పుడు అవసరమైనంత మేరకే బయటపెట్టొచ్చు. ఇక్కడ అవసరమైనంత అంటే ‘ఆయుధం ఇవ్వొద్దు’ అన్న ఒక్క వాక్యమే. టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 నంబరు తెలుగులోనూ పనిచేస్తుంది, యూనిట్‌కి సంబంధం లేని గొంతు కావాలనుకునేవాళ్లకి అది ఇవ్వండి.

కొండవాగు:
కాల్పులు, పెద్ద ప్రమాదాల తర్వాత మర్నాడే అందర్నీ కూర్చోబెట్టి జరిగింది చెప్పించాలంటారు కదా, దానిమీద మీ మాట?

మొగలిపొద:
తప్పనిసరిగా ఒక్కసారి చెప్పించే పద్ధతి పీటీఎస్‌డీని (భయంకర సంఘటన తర్వాత మిగిలిపోయే మానసిక జబ్బుని) ఆపదు, అందుకే చికిత్సా మార్గదర్శకాలు దాన్ని వద్దంటున్నాయి. మొదటి వారాల్లో నిద్ర, తిండి, ఇంటికి సెలవు, విచారణ ఎలా జరుగుతుందో స్పష్టమైన సమాచారం ఇవ్వాలి. నిద్రకోసం ఆల్ప్రజోలామ్ లాంటివి రాసి అలవాటు చేయకండి. నెల దాటాక పీటీఎస్‌డీని అంచనా వేసే పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల పట్టికలో 80కి 31, 33 దగ్గర వస్తే గాయం మీద దృష్టిపెట్టే మానసిక చికిత్సకి పంపాలి. పోస్ట్‌మార్టం దగ్గర, చిన్నపిల్లల కేసుల్లో పనిచేసేవాళ్లకి ఒక్క సంఘటన అంటూ ఉండదు, వాళ్లని ఆరు నెలలకోసారి విడిగా పిలవండి.

రిజర్వ్_లైన్:
సార్, డ్యూటీ రిజిస్టర్‌లో పేరు పక్కన ఒక అక్షరం పెడితే మాకు సులువు. ‘రా’ అంటే రాత్రి వద్దు, ‘ఆ’ అంటే ఆయుధం వద్దు, ‘వా’ అంటే వాహనం వద్దు.

మొగలిపొద:
‘ఆ’ అక్షరం వారంలో పోలీసు లైన్స్‌లో (సిబ్బంది ఉండే చోట) అందరికీ అర్థమైపోతుంది. రోల్ కాల్‌లో అందరూ చూసే రిజిస్టర్ అది.

కొండవాగు:
రిజిస్టర్‌లో ఏమీ వద్దు. ఆంక్షల జాబితా ఆర్‌ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) గారి దగ్గర విడి ఫైల్లో, గడువు తేదీల వరసలో ఉండాలి. సోమవారం ఉదయం ఆసుపత్రి నుంచి కొత్త జాబితా, పాతది వెనక్కి. డ్యూటీ వేసేటప్పుడు ఆయన దాన్ని చూసి, రిజిస్టర్‌లో మామూలుగా పేరు, పోస్టు మాత్రమే రాస్తారు. ఆయుధం లేని పోస్టుల్లో ఏ ఆంక్షా లేనివాళ్లని కూడా కొందర్ని తిప్పుతూ ఉండాలి, అప్పుడు ఆ పోస్టు చూసి ఎవరూ జబ్బు ఊహించలేరు. కంట్రోల్ రూమ్, కోర్టు డ్యూటీ, సీసీ కెమెరాల గది అందుకు పనికొస్తాయి.
తంగేడు గారూ, వైద్య ఫైలు మాత్రం సర్వీస్ ఫైలుతో కలపకండి. మనిషి బదిలీ అయితే మొదటి ఆడియోగ్రామ్, మొదటి స్పైరోమెట్రీ, టీకా డోసుల తేదీలు ఒక సీల్డ్ కవర్లో అక్కడి యూనిట్ డాక్టరు పేరుమీద పంపండి, ఒక నకలు మనిషి చేతికివ్వండి.

తంగేడు:
సోమవారం జాబితా పద్ధతి ఈ వారమే రాసి పంపిస్తాను. ఆడియోమీటర్‌కి ప్రతిపాదనతో పాటు గది ఎలా ఉండాలో కూడా రాయాలి కదా శ్రవణం గారూ?

శ్రవణం:
తప్పకుండా. రోడ్డు వైపు కిటికీ ఉన్న గదిలో, ఫ్యాన్ తిరుగుతుండగా చేస్తే 500 హెర్ట్జ్ దగ్గర అందరికీ లోపం వస్తుంది. చిన్న ఆడియో బూత్ ధర కూడా అదే ప్రతిపాదనలో పెట్టండి, తర్వాత విడిగా అడిగితే ఏళ్లు పడుతుంది. ఏడాదికోసారి యంత్రాన్ని సరిచూసే క్యాలిబ్రేషన్ ఖర్చు కూడా అందులోనే చూపించండి. రోజూ ఉదయం వినికిడి బాగున్న ఒక నర్సుకి పరీక్షచేసి, ఆ నర్సు మొదటి రీడింగ్‌తో 10 డెసిబెల్స్ తేడా వస్తే ఆరోజు యంత్రం వాడొద్దని దానిపక్కనే రాసి అంటించండి.